మంచునదుల రాకపోకలకు తేదీలు ఎలా కడతారు?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ప్రయాణం చేస్తే దారికి ఇరువైపులా ఎర్ర తివాచీలు పరచినట్లు మిరపకల్లాలు కనిపిస్తాయి. మే నెల వచ్చేసరికి పత్తి తీసేసిన నల్లరేగడి చేలు కాలు దూరేటంత నెర్రెలు విచ్చుతాయి. ఎండ 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరువవుతుంది. ఇటువంటి నేల మీద నిలబడి మంచును గురించి మాట్లాడుకోవడం వింతగానే ఉంటుంది. మన కృష్ణానది కూడా మంచుకొండలలో పుట్టినది కాదు. పడమటి కనుమలలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, వాననీటితో ప్రవహించే నది అది.

అయినా బాపట్ల చుట్టుపక్కల అంత ఇసుక ఎందుకుందని అడిగితే, జవాబు చెప్పడానికి మంచు చరిత్ర దాకా పోవలసిందే. ఆ చరిత్రకు తేదీలు ఎవరు రాశారు? ఎలా రాశారు? అదే ఈ వ్యాసంలో చెప్పుకోబోయే విషయం.

మంచునది జమాఖర్చులు

ఎత్తయిన కొండల మీద కురిసిన మంచు కరగకుండా ఏటికేడు పేరుకొంటుంది. పైపొరల బరువుకు కిందిపొరలు నొక్కుకుపోయి గట్టి మంచుగడ్డగా మారతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే లోయవెంట మెల్లమెల్లగా కిందికి జారుతుంది. దీనినే హిమానీనదం అంటారు.

దీనికి రైతుకు ఉన్నట్లే జమాఖర్చులున్నాయి. పైన కురిసే మంచు జమ. కింద కరిగిపోయేది ఖర్చు. జమ ఎక్కువైతే నది కొస ముందుకు సాగుతుంది. ఖర్చు ఎక్కువైతే వెనక్కి పోతుంది. వెనక్కి పోవడమంటే మంచు కొండెక్కిపోవడం కాదు సుమా! మంచు ఎప్పుడూ కిందికే కదులుతుంది. వచ్చి చేరే మంచుకన్న కొసన కరిగేది ఎక్కువైనప్పుడు కొస పైపైకి జరిగినట్లు కనిపిస్తుంది, అంతే.

హిమానీనదం వస్తూవస్తూ కొండరాళ్ళను ఊడదీసి మోసుకొస్తుంది. కొసన మంచు కరగగానే ఆ రాళ్ళు, మట్టి, ఇసుక అక్కడే కుప్పపడతాయి. చెరువుకట్టలా కనిపించే ఈ కుప్పలను మొరెయిన్లు అంటారు. మంచు ఒకప్పుడు ఎంతవరకు వచ్చిందో తెలిపే సరిహద్దు రాళ్ళవి. ఆల్ప్స్ పర్వతాలలో ఇలాంటి ఆనవాళ్ళను పరిశీలించిన స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ, ఒకప్పుడు భూమి మీద గొప్ప మంచుయుగం నడిచిందని 1837లో ప్రకటించాడు. మొదట చాలామంది నమ్మలేదు. క్రమంగా సాక్ష్యాలు పెరిగాయి, సందేహాలు తగ్గాయి.

లోయలో అన్నిటికన్న దిగువన ఉన్న మొరెయిన్ అన్నిటికన్న పాతది. ఎందుకంటే తరువాత వచ్చిన మంచు అక్కడిదాకా వచ్చి ఉంటే, దానిని చెరిపివేసి ఉండేది. పలక మీద పాత అక్షరాలు తుడిచి కొత్తవి రాసినట్లు, పెద్ద మంచు వచ్చినప్పుడల్లా అంతకు ముందటి చిన్న గుర్తులు పోతాయి. కాబట్టి మనకు దొరికేది పూర్తి పుస్తకం కాదు, మిగిలిన పుటలు మాత్రమే. ఆ పుటల వరుస తెలిసినా, వాటి మీద సంవత్సరాలు రాసి ఉండవు. వాటిని కట్టుకోవలసింది మనమే.

రాతిలో గడియారం

ప్రాచీన వస్తువుల వయస్సు అనగానే మీకు కార్బన్-14 గుర్తుకు రావచ్చు. విల్లార్డ్ లిబ్బీ 1940ల చివర రూపొందించిన ఈ పద్ధతికి ఆయనకు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని దానికి చెట్టు, ఎముక, గవ్వ వంటి ఒకప్పటి ప్రాణి అవశేషం కావాలి. చెట్టూ చేమా లేని మంచుకొండ మీద అవి దొరకడం కష్టం. పైగా సుమారు 50 వేల సంవత్సరాలు దాటితే ఆ పద్ధతి పనిచేయదు.

మరి రాయినే అడిగితే? అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు నిరంతరం భూమి మీద పడుతున్నాయి. అవి పలుగురాయిలోని ఆక్సిజన్ పరమాణువులను బద్దలు కొట్టినప్పుడు, చాలా స్వల్పంగా బెరీలియం-10 అనే పదార్థం పుడుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక గ్రాము పలుగురాయిలో ఏడాదికి నాలుగయిదు పరమాణువులు మాత్రమే తయారవుతాయి. గాలి పలచబడే ఎత్తయిన కొండల మీద ఇంతకు ఎన్నో రెట్లు పుడతాయి.

మిరపకల్లాన్ని తలచుకోండి. కాయ ఎండలో ఎక్కువ రోజులుంటే రంగు వెలుస్తుంది. బస్తాలో కట్టి నీడకు చేర్చిన కాయకు ఆ మార్పు ఆగుతుంది. అలాగే మంచు కింద, కొండ లోపల దాగి ఉన్నంతకాలం రాతికి కాస్మిక్ కిరణాల ‘ఎండ’ తగలదు. మంచు దానిని తెచ్చి మొరెయిన్ మీద పడవేసి వెనక్కి పోయిన నాటి నుంచి లెక్క మొదలవుతుంది.

ఒక లెక్క చేద్దాం. ఏదో ఒక కొండ మీద గ్రాము పలుగురాయిలో ఏడాదికి 20 పరమాణువులు పుడుతున్నాయనుకొందాం. అక్కడి బండలో గ్రాముకు 2 లక్షల పరమాణువులు ఉన్నాయని తేలింది. 2 లక్షలను 20తో భాగిస్తే 10 వేలు. అంటే ఆ బండ సుమారు 10 వేల సంవత్సరాలుగా ఆకాశం కింద ఉంది. బెరీలియం-10 అర్ధాయువు సుమారు 14 లక్షల సంవత్సరాలు కనుక, ఈ కొద్దికాలంలో తరిగిపోయేది లెక్కలోకి రాదు.

చదవడానికి తేలికగానే ఉంది గాని, కోట్లకోట్ల మామూలు పరమాణువుల మధ్య ఈ కొద్దిపాటి వాటిని లెక్కించడానికి యాక్సిలరేటరు అనే పెద్ద యంత్రం కావాలి. మన దేశంలో న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సదుపాయం ఉంది. ఇంకొక చిక్కు: బండ ఆలస్యంగా మట్టిలోంచి బయటపడితే వయస్సు తక్కువగా కనిపిస్తుంది. మంచు మోసుకురాక ముందే ఎండకు ఉండి ఉంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒక్క బండ మాట నమ్మరు. ఒకే మొరెయిన్ మీద అనేక బండలను పరీక్షించి, సాక్ష్యాలు కుదిరితేనే తేదీ ఖాయం చేస్తారు.

ఇసుకరేణువు జ్ఞాపకం

ఇసుకకు మరో పద్ధతి ఉంది. ఇసుకరేణువు మట్టిలో పూడి ఉన్నప్పుడు చుట్టుపక్కల ఉన్న స్వల్ప రేడియోధార్మికత వల్ల దానిలో కొంత శక్తి నిలవ చేరుతుంది. ఎండ తగలగానే ఆ నిలవ ఖాళీ అయిపోతుంది. మళ్ళీ పూడిపోతే మళ్ళీ సున్నా నుంచి చేరడం మొదలు. కాబట్టి ఇసుకను వెలుతురు సోకకుండా గొట్టంలో తీసి, చీకటిగదిలో దాని మీద కాంతిని పడవేస్తే, నిలవ ఉన్న శక్తి మినుకుమని వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగును కొలిచి, రేణువు ఆఖరుసారి ఎండను చూసి ఎంతకాలమైందో చెబుతారు. దీనిని సందీప్తి పద్ధతి అనవచ్చు. డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థలో ఈ పరీక్షలు జరుగుతాయి.

గంగోత్రి చెప్పిన కథ

భాగీరథి పుట్టే గంగోత్రి హిమానీనదం పొడవు ఇప్పుడు సుమారు 30 కిలోమీటర్లు. దాని కొస గోముఖం. మిలాప్ చంద్ శర్మ, లూయిస్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞులు ఆ లోయను పరిశీలించి 1996లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 63 వేల సంవత్సరాల కిందట ఆ మంచు గోముఖానికి దాదాపు 40 కిలోమీటర్ల దిగువన ఝాలా దాకా వచ్చిందని తేలింది. తరువాత బెరీలియం పద్ధతితో ఎగువనున్న మొరెయిన్లను పరీక్షిస్తే, వాటిలో కొన్ని సుమారు 7 వేల, 5 వేల సంవత్సరాల కిందటివని తెలిసింది. అంటే మంచు ఒక్కసారిగా పోలేదు. ముందుకూ వెనక్కూ ఊగిసలాడింది.

ఇక్కడొక విశేషం ఉంది. ప్రపంచమంతటా చలి ముదిరిన కాలం సుమారు 21 వేల సంవత్సరాల కిందటిది. మరి ఈ లోయలో మంచు అంతకు ఎంతో ముందే ఎక్కువ దూరం ఎందుకు వచ్చింది? రుతుపవనాలే కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చలి మరీ ముదిరినప్పుడు రుతుపవనాలు బలహీనపడ్డాయి. చలి ఉంది గాని కురవడానికి మంచు లేదు. ఖర్చు తగ్గినా జమ లేకపోతే ఇల్లు గడవదు గదా! తేదీలు కట్టకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

మన తీరంలో మంచు ముద్ర

ఆ 21 వేల సంవత్సరాల నాడు ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా ఖండాలను కప్పిన మంచు పలకలు అపారమైన నీటిని బంధించాయి. సముద్రమట్టం ఇప్పటికన్న 120 మీటర్లకు పైగా దిగిపోయింది. నేడు నిజాంపట్నం బెస్తవారు వలలు వేసే చోటు ఆనాడు పొడినేల. కృష్ణానది ఆ నేల మీదుగా ఇంకా తూర్పుకు పోయి సముద్రంలో కలిసేది.

మంచు కరిగేకొద్దీ సముద్రం పైకి వచ్చింది. సుమారు 7 వేల సంవత్సరాల కిందటికి ఆ వేగం బాగా తగ్గింది. అప్పటి నుంచి కృష్ణ తెచ్చిన ఒండ్రుతో డెల్టా సముద్రంలోకి పెరిగింది. అలలు, గాలి తీరం వెంట ఇసుకదిబ్బలు పోశాయి. తీరం ముందుకు జరిగినప్పుడల్లా కొత్త దిబ్బ లేచింది, పాతది లోపల మిగిలిపోయింది. మొరెయిన్లలో మంచుకు దూరంగా ఉన్నది పాతదైనట్లే, ఇక్కడ సముద్రానికి దూరంగా ఉన్న దిబ్బ పాతది. వేరుశనగ, జీడిమామిడి, సరుగుడు తోటలు పెరిగే బాపట్ల ఇసుక నేలల వెనుక ఉన్న కథ ఇది.

ఈ ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికన్న తేలిక గనుక దాని మీద తేలుతూ నిలుస్తుంది. రైతులు లోతులేని దొరువులు తవ్వి, ఆ మంచినీటిని పైపైనే తీసుకొని పైరుకు పోస్తారు. లోతుగా తోడితే కిందినుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. సముద్రం పెరిగినా అదే ప్రమాదం. 1901 నుంచి 2018 లోగా ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తరువాత అది ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఇది కొద్దిపాటి పెరుగుదల అనుకోకండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాదిమందిని పొట్టన పెట్టుకొంది. సముద్రమట్టం ఎంత పెరిగితే, అటువంటి ఉప్పెన అంత లోపలికి వస్తుంది.

“పూర్వం కూడా మంచు కరిగింది, సముద్రం పెరిగింది గదా, ఇప్పుడు భయమెందుకు?” అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, పూర్వం కొన్నికొన్ని శతాబ్దాలలో సముద్రం ఇంతకన్న వేగంగానే పెరిగింది. కాని ఆనాడు తీరాన కాలువలు లేవు, రేవులు లేవు, దొరువులు లేవు. ఉన్న కొద్దిమంది మనుషులు మూటాముల్లె సర్దుకొని లోపలికి నడిచిపోగలిగారు. నేడు డెల్టాలో లక్షలమంది ఉన్నారు. ఇల్లూ పొలమూ నెత్తిన పెట్టుకొని ఎవరూ నడవలేరు. మంచు ఎంత వేడికి ఎంత వేగంగా కరుగుతుందో ముందే అంచనా వేయాలంటే, అది పూర్వం ఎప్పుడెప్పుడు ఎలా కరిగిందో తెలియాలి. మొరెయిన్ మీది బండకు వయస్సు కట్టే శాస్త్రజ్ఞుడు ఆ లెక్కకే తన వంతు అంకె చేరుస్తున్నాడు.

మీలో ఎవరైనా తీరప్రాంతంలో దొరువు తవ్వడం చూస్తే, దాని గోడను ఒక్కసారి పరిశీలించండి. పొరలు పొరలుగా ఉన్న ఇసుక, అక్కడక్కడ గవ్వలు కనిపించవచ్చు. ఆ పొరల వరుసను నోటుపుస్తకంలో గీసుకొని, మీ సైన్సు మాస్టారికి చూపించండి.