కారు లేని కుటుంబానికి ఒకరోజు ప్రయాణం

సెలవులు వచ్చాయంటే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "ఎక్కడికైనా వెళ్దామా?" అని. పెద్దలు చెప్పే మొదటి జవాబు, "మనకు కారు లేదు కదా!" అని. ఆ మాటతో ఆ సంవత్సరం కూడా ప్రయాణం ఆగిపోతుంది. గన్నవరం నుండి బందరు సముద్రం వంద కిలోమీటర్ల లోపే. అయినా జీవితమంతా పొలం పనులు చేసి సముద్రం ఒక్కసారైనా చూడని అమ్మమ్మలు, నాయనమ్మలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

మరికొందరు కారు లేదని ఆగిపోరు. సండేస్కూలు పిల్లలనో, యవ్వనస్థులనో ట్రాక్టరు ట్రక్కులోకి, సరుకులు మోసే చిన్న వ్యానులోకి ఎక్కించి బయలుదేరతారు. ఐదుగురు పట్టని ఆటోలో పన్నెండుమంది కూర్చుంటారు. ఇది ఆగిపోవడం కంటే ఎక్కువ నష్టం. సరుకుల బండిలో మనుషులను తీసుకెళ్లడం చట్టరీత్యా నేరం. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము రావడం కూడా కష్టమవుతుంది. అద్దె కలిసి వస్తుందని చేసిన పని ఒక కుటుంబాన్ని వీధిన పడవేయవచ్చు.

ఈ రెండు దారులే కాకుండా మూడవ దారి ఒకటి ఉంది. అది ఆర్టీసీ బస్సు, ప్యాసింజరు రైలు. వాటితో ఒక్కరోజులో వెళ్లి క్షేమంగా తిరిగి రావడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

ఓడ ప్రయాణికుల నుండి నేర్చుకోవలసింది

విశాఖపట్నం రేవుకు 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే యాత్రికుల ఓడ వచ్చింది. అటువంటి ఓడల కోసం 2023 సెప్టెంబరులో అక్కడ ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభించారు. ఇటువంటి ఓడలు ఉదయం రేవుకు చేరి, సాయంకాలం లంగరెత్తడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. దిగినవారిలో కొందరు ఓడవారు ఏర్పాటు చేసిన బస్సుల్లో ఊరు చూస్తారు. మరికొందరు తమంతట తాము సిటీ బస్సు, ఆటో పట్టుకొని వెళ్తారు. సొంతంగా వెళ్లినవారికి ఒక చిక్కుంది. వారు ఆలస్యమైతే ఓడ ఆగదు. కనుక అనుభవమున్న ప్రయాణికులు ముందుగా "ఏం చూద్దాం?" అని అడగరు. "ఎన్ని గంటలకు ఓడ ఎక్కాలి?" అని అడిగి, అక్కడి నుండి వెనక్కు లెక్క కట్టుకుంటారు.

ఉదాహరణకు విశాఖలో దిగినవారికి అరకు చూడాలని ఆశ కలుగుతుంది. అరకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరమే అయినా, కిరండూలు ప్యాసింజరు ఉదయం ఏడు గంటల లోపే విశాఖలో బయలుదేరి అక్కడికి చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. రావడానికి మళ్లీ అంతే. సాయంకాలం ఓడ ఎక్కవలసినవారు అరకు పెట్టుకుంటే ఓడ వెళ్లిపోతుంది. తెలివైనవారు బీచిరోడ్డులో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని, కైలాసగిరిని చూసుకొని ఎండ చల్లబడకముందే రేవుకు చేరతారు.

మనకు ఓడ లేదు గాని చివరి బస్సు ఉంది. అదీ మన కోసం ఆగదు. ఓడవారి లెక్కే మన లెక్క.

వెనక్కు కట్టే లెక్క

మొదట మీ ఊరికి చివరి బస్సు ఎన్ని గంటలకో కనుక్కోండి. గన్నవరం జాతీయ రహదారి మీద ఉంది కనుక విజయవాడ నుండి అక్కడికి రాత్రి వరకు బస్సులు ఉంటాయి. అయితే గన్నవరం నుండి లోపలి ఊళ్లకు వెళ్లవలసినవారికి గన్నవరంలో దొరికే చివరి బస్సే అసలు గడువు. దానికి ఒక గంట ముందే గన్నవరంలో ఉండేలా చూసుకోండి. ఒక బస్సు తప్పిపోయినా, దారిలో వాహనాలు నిలిచిపోయినా ఆ గంట మిమ్మల్ని కాపాడుతుంది.

రెండవది, ఎన్నిసార్లు బండి మారాలో లెక్కపెట్టండి. ప్రతి మార్పుకు అరగంట కలపండి. ముసలివారు, చంటిపిల్లలు ఉంటే ముప్పావుగంట కలపండి. రెండు మార్పుల కంటే ఎక్కువ ఉన్న చోటును ఒకరోజు ప్రయాణానికి పెట్టుకోకపోవడం మంచిది.

మూడవది, రానూపోనూ ప్రయాణానికి పట్టే సమయం కంటే అక్కడ గడిపే సమయం మరీ తక్కువైతే ఆ చోటు వదిలిపెట్టండి. ఆరు గంటలు ప్రయాణం చేసి ఒక గంట చూసి వస్తే పిల్లలకు మిగిలేది అలసటే.

బందరుకు ఒకరోజు

ఈ లెక్క ప్రకారం గన్నవరం నుండి బందరుకు ఎలా వెళ్లవచ్చో చూద్దాం. విజయవాడ నుండి మచిలీపట్నం సుమారు డెబ్బై కిలోమీటర్లు. పండిట్ నెహ్రూ బస్టాండు నుండి బస్సులు తరచుగా ఉంటాయి. రెండు గంటలకు పైగా పడుతుంది.

ఉదయం 6 గంటలకు గన్నవరంలో ఎక్కితే 7 గంటలకు విజయవాడ బస్టాండు. టిఫిను అక్కడే ముగించి 7.30కి బందరు బస్సు ఎక్కితే పది గంటల లోపు బందరు చేరవచ్చు. అక్కడి నుండి మంగినపూడి బీచి సుమారు 11 కిలోమీటర్లు. బస్సు కోసం చూస్తూ కూర్చోకుండా నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకోండి. రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో సహా ఎంతో ముందే తేల్చుకోండి. మంగినపూడి తీరంలో తెల్లని ఇసుక కంటే నల్లమట్టి ఎక్కువ. నీరు లోతు లేనట్టు కనిపిస్తుంది. అయినా పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి. ఒక పెద్దమనిషి నీళ్లలోకి దిగకుండా ఒడ్డున నిలబడి తలలు లెక్కపెడుతూ ఉండాలి.

పన్నెండు గంటలకు బయలుదేరి ఊళ్లోకి వచ్చి భోజనం ముగించండి. తరువాత బందరుకోట, నోబుల్ కాలేజీ చూడవచ్చు. బందరు ఒకప్పుడు గొప్ప రేవుపట్టణం. 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థానం పెట్టారు. డచ్చివారు అంతకు ముందే వచ్చారు. 1841లో సి.ఎం.ఎస్. తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఇంగ్లండు నుండి ఓడలో వచ్చి బందరులో తెలుగు మిషనుకు పునాది వేశారు. నోబుల్ దొరగారు 1843లో తెరిచిన పాఠశాలే తరువాత నోబుల్ కాలేజీ అయింది. ఆయన తిరిగి స్వదేశం వెళ్లలేదు. 1865లో బందరులోనే కన్నుమూశారు. అంతకు ముందు సంవత్సరం, 1864 నవంబరు 1 రాత్రి, తుపాను ఉప్పెన ఊరిని ముంచి దాదాపు ముప్పైవేలమందిని పొట్టన పెట్టుకుంది. ఈ సంగతులు పిల్లలకు బస్సులోనే చెప్పండి. దిగిన తరువాత వారే అడిగి చూస్తారు.

మూడున్నరకు తిరుగు బస్సు ఎక్కితే ఆరు గంటల లోపు విజయవాడ, ఏడు, ఏడున్నర మధ్య గన్నవరం. బందరు లడ్డు కొనుక్కోవడానికి బస్టాండులో పది నిమిషాలు ముందే ఉంచుకోండి. ఇవి అంచనా వేళలు. బయలుదేరేముందు బస్టాండు విచారణలో ఒకసారి అడిగి సరిచూసుకోండి.

రైలు ఇష్టమైనవారికి విజయవాడ నుండి గుడివాడ, పెడన మీదుగా మచిలీపట్నం రైళ్లున్నాయి. పెడన కలంకారీ అద్దకానికి పేరుపొందిన ఊరు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి, చెక్క అచ్చులతో అద్ది, ఉడికించి, పారే నీటిలో ఉతుకుతారు. పాత ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు నల్లరంగునిస్తాయంటే పిల్లలు నమ్మరు; కళ్లారా చూస్తే నమ్ముతారు. అయితే పెడన, సముద్రం రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

దగ్గరివి, దూరమైనవి

ముసలివారితో వెళ్లేవారికి కొండపల్లి అనుకూలం. విజయవాడ నుండి పాతిక కిలోమీటర్ల లోపు. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ఇళ్లు ఊళ్లోనే ఉన్నాయి. ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కోట మాత్రం కొండ మీద ఉంది. నడవలేనివారిని కింద బొమ్మల దగ్గర కూర్చోబెట్టి తక్కినవారు ఆటోలో వెళ్లి రావచ్చు.

చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్తే కొల్లేటి గూడబాతులు కనిపిస్తాయి. గుడివాడ, భీమవరం రైలుమార్గంలో కైకలూరు స్టేషను ఉంది. అక్కడి నుండి ఆటపాక దగ్గరే.

విజయవాడలోనే ఆగాలనుకుంటే ప్రకాశం బ్యారేజీ, దానికి అవతల ఉండవల్లి గుహలు, కృష్ణలో భవానీ ద్వీపం ఉన్నాయి. పడవ ఎక్కేటప్పుడు జాగ్రత్త. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర, పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. వారంతా మనలాగే ఒకరోజు సరదాగా తిరగడానికి వచ్చినవారే. ప్రభుత్వ పర్యాటకశాఖ కౌంటరులో టికెట్టు తీసుకోండి. లైఫ్ జాకెట్టు ఇవ్వకపోతే, ఇచ్చినా మనుషులు కిక్కిరిసి ఉంటే, ఎక్కకండి. కట్టిన డబ్బు పోయినా పోనివ్వండి.

దివిసీమ చూడాలని, 1977 నవంబరు 19 ఉప్పెన జరిగిన చోట్లు పిల్లలకు చూపాలని కోరేవారున్నారు. కోరిక మంచిదే. కాని గన్నవరం నుండి అవనిగడ్డ, అక్కడి నుండి కోడూరు, హంసలదీవి అంటే బస్సులు మారవలసినవి ఎక్కువ, తిరుగు బస్సులు తక్కువ. అవనిగడ్డలో ఒక రాత్రి బస ఉంటేనే పెట్టుకోండి.

ఖర్చు విషయం

2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధారు, ఓటరు కార్డు వంటి గుర్తింపు చూపి కండక్టరు వద్ద సున్నా టికెట్టు తప్పక తీసుకోవాలి. నాన్‌స్టాప్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు. కనుక ఎక్కేముందు బస్సు పేరు చదవండి. స్త్రీల సమాజంవారికి ఇది చక్కని అవకాశం. పదిమంది అక్కచెల్లెళ్లు కలిసి బందరు వెళ్లి వస్తే బస్సు ఖర్చు ఉండదు. అయితే ఈ బస్సుల్లో రద్దీ పెరిగింది. దారిలో ఎక్కకుండా, బస్సు బయలుదేరే చోటికే వెళ్లి ఎక్కితే సీటు దొరుకుతుంది.

అరవై దాటినవారికి ఆర్టీసీలో పాతిక శాతం రాయితీ ఉంది. వయస్సు చూపే కార్డు వెంట ఉంచుకోవాలి. రైళ్లలో వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. పాత అలవాటు కొద్దీ దానిని లెక్కలో వేసుకోవద్దు.

నలభై, యాభైమంది సండేస్కూలు పిల్లలైతే మామూలు బస్సుల్లో సర్దడం కష్టం. దగ్గరలోని ఆర్టీసీ డిపోలో అడిగితే బస్సును అద్దెకు ఇస్తారు. తలా కొంత వేసుకుంటే భారం పంచుకోవచ్చు. ట్రాక్టరుకు అయ్యే ఖర్చుతో దీనిని పోల్చవద్దు. పిల్లలను పంపిన తల్లిదండ్రులు ఎదురుచూసేది వారి క్షేమం కోసమే.

బయలుదేరే ముందు

వెళ్లే చోటు, తిరిగివచ్చే వేళ కాగితం మీద రాసి ఇంట్లో ఉన్నవారికి ఇవ్వండి. ప్రతి పిల్లవాడి జేబులో పేరు, ఊరు, పెద్దవారి ఫోను నంబరు ఉన్న చీటీ పెట్టండి. పిల్లలను ఇద్దరిద్దరిగా జత కట్టండి. ఒకరు కనబడకపోతే రెండవవారు వెంటనే చెబుతారు. తాగునీరు, పులిహోర, పెరుగన్నం ఇంటి నుండి తీసుకెళ్తే ఖర్చూ తగ్గుతుంది, కడుపూ చెడదు. పెద్దవారి బీపీ, షుగరు మాత్రలు సంచిలో కాదు, చేతిలో ఉండాలి. తిరుగు ఛార్జీ డబ్బు విడిగా ముడివేసి, దానిని ఏ లడ్డూ కోసమూ విప్పకండి. రైళ్ల సమాచారానికి 139, ఆపదలో 112 నంబర్లు గుర్తుంచుకోండి.

ఈ సెలవుల్లో ఒక సాయంకాలం ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక చోటు ఎంచుకోండి. లెక్క కట్టే పని పెద్దపిల్లలకు అప్పగించండి; చివరి బస్సు నుండి వెనక్కు వారే కడతారు. ఇంట్లో సముద్రం చూడని పెద్దవారు ఉంటే బందరే ఎంచుకోండి. కిటికీ పక్క సీటు వారికి ఇవ్వండి.