ఏ ఔన్సు? ఎన్ని గ్రాములు?

దుకాణంలో పెద్ద పెరుగు డబ్బా మీద 32 ఔన్సులు అని ఉంటుంది. పక్క అరలో పాల డబ్బా మీద కూడా 32 ఔన్సులనే ఉంటుంది. రెండూ సమానమేనా అని మీ పిల్లల్ని అడిగి చూడండి. సమానమే అంటారు. పెద్దవాళ్ళలోనూ చాలామంది అదే అంటారు. నిజానికి పెరుగు మీద రాసినది బరువు, 907 గ్రాములు. పాల మీద రాసినది ఎంత చోటు పడుతుందో చెప్పే కొలత, 946 మిల్లీలీటర్లు. ఒకే వీధిలో ఇద్దరు సుబ్బారావులు ఉన్నట్టు, ఒకే పేరుతో రెండు కొలతలు తిరుగుతున్నాయి ఈ దేశంలో. ఎవరి ఉత్తరం ఎవరికి ఇవ్వాలో పోస్టుమానుకే తెలియాలి!

గుర్తుపట్టే ఉపాయం డబ్బా మీదే ఉంది. "నెట్ వెయిట్" అని ఉంటే అది బరువు ఔన్సు, 28.35 గ్రాములు. "ఫ్లూయిడ్" అనిగానీ, దాని పొట్టి రూపం "ఎఫ్.ఎల్." అనిగానీ ఉంటే అది ద్రవపు ఔన్సు, 29.57 మిల్లీలీటర్లు. నీళ్ళ విషయంలో ఈ రెండూ దాదాపు కలిసిపోతాయి కాబట్టే ఇంత గందరగోళం. తేనె దగ్గరికి వస్తే తేడా తెలుస్తుంది. ఎలుగుబంటి సీసాలో వచ్చే 12 ఔన్సుల తేనెను కప్పులో పోస్తే 8 ద్రవపు ఔన్సుల కప్పు ఒక్కటే నిండుతుంది. మైదా దీనికి తలకిందులు. అదే కప్పు నిండా పోసినా సుమారు 120 గ్రాములే, అంటే 4 ఔన్సుల పైచిలుకు. వంటల పుస్తకంలో "8 ఔన్సుల మైదా" అని ఉంటే ఒక కప్పు వేసి ఊరుకున్నవారికి కేకు ఎందుకు కుదరలేదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మూడో సుబ్బారావు కూడా ఉన్నాడు. టీవీలో బంగారం ధర చెప్పే ఔన్సు 31.1 గ్రాములు. మనవాళ్ళకు ఇది వింతేమీ కాదు. పాత తులం 11.66 గ్రాములైతే, ఇప్పుడు మన నగల దుకాణాల్లో 10 గ్రాములనే తులం అనేస్తున్నారు.

అమెరికావాళ్ళ కొలతలు చూసి నవ్వేముందు మన తాతల లెక్క కూడా పిల్లలకు చెప్పాలి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఆపైన తూములు, పుట్లు. పైగా ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోయేది కాదు. భారతదేశంలో 1956లో చట్టం చేసి, 1958 నుంచి విడతలవారీగా కిలోలు, లీటర్లు తెచ్చారు. అమెరికా మాత్రం పాత గ్యాలన్‌నే పట్టుకుని ఉంది. అది ఇంగ్లండులో ఆన్ రాణి కాలంలో, 1707లో, ద్రాక్షసారా కొలవడానికి ఖరారు చేసిన గ్యాలన్: 3.785 లీటర్లు. ఆ ఇంగ్లండువాళ్ళే 1824లో తమ గ్యాలన్‌ను 4.546 లీటర్లకు పెంచుకున్నారు. అందుకే లండన్‌లోని మీ పిన్ని గారి పింటు పాలు 568 మిల్లీలీటర్లు, మన పింటు 473.

ఇండియన్ స్టోరులో ఇంకో చిక్కు. పచ్చడి సీసా మీద 10.6 ఔన్సులు, కొబ్బరిపాల డబ్బా మీద 13.5 ఔన్సులు, మసాలా పొట్లం మీద 3.5 ఔన్సులు. ఈ వంకర అంకెలు ఎక్కడివి? అవి వరుసగా 300 గ్రాములు, 400 మిల్లీలీటర్లు, 100 గ్రాములు. సరుకు తయారైన చోట గుండ్రటి అంకె, ఇక్కడి లేబులు మీద వంకర అంకె. అమెరికాలో సరుకుల పొట్లాల మీద కొలత స్పష్టంగా రాయాలని 1966లోనే చట్టం వచ్చింది. దాన్ని 1992లో సవరించారు. 1994 నుంచి ఇంట్లో వాడే చాలా సరుకుల మీద ఔన్సులతో పాటు గ్రాములు గానీ మిల్లీలీటర్లు గానీ వేస్తున్నారు. ఆ చిన్న అక్షరాలే మనకు చుట్టాలు. వాటిని చదివితే ఏ సుబ్బారావో వెంటనే తెలిసిపోతుంది: గ్రాములుంటే బరువు, మిల్లీలీటర్లుంటే ద్రవం.

అన్నం సంగతి. రైస్ కుక్కరుతో ఇచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు. అది జపాను కొలత. ఇక్కడ దుకాణాల్లో కొనే కొలకప్పు సుమారు 240. ప్లాస్టిక్ కప్పు ఎక్కడో పోయిందని కొలకప్పుతో మూడు కప్పుల బియ్యం పోసి, కుక్కరు గిన్నెలో 3 అని ఉన్న గీత దాకా నీళ్ళు పోస్తే, బియ్యం దాదాపు నాలుగు కప్పులు, నీళ్ళు మూడింటికే. అన్నం పలుకు కాక ఏమవుతుంది? పాపం, బియ్యం బస్తా తెచ్చినవాళ్ళను తిట్టుకుంటాం.

కొలతలు తెలియకపోతే డబ్బు కూడా పోతుంది. ఐస్‌క్రీమ్ డబ్బా ఒకప్పుడు అర గ్యాలన్, అంటే 64 ద్రవపు ఔన్సులు. తరువాత 56 అయింది, ఇప్పుడు చాలా కంపెనీలవి 48. డబ్బా చూడ్డానికి అలాగే ఉంటుంది. 5 పౌండ్ల పంచదార సంచి 4 పౌండ్లకు దిగింది. కాగితపు చుట్టలవాళ్ళు మరీ ఘనులు: "ఇవి 12 మెగా చుట్టలు, 48 మామూలు చుట్టలతో సమానం" అంటారు. ఆ మామూలు చుట్ట ఎంతో నిర్ణయించేది కూడా వాళ్ళే! అడుగున రాసిన చదరపు అడుగుల లెక్క ఒక్కటే చూసి మిగతాది వదిలేయండి. అరకు అతికించిన చీటీలో పెద్ద అక్షరాల ధర పక్కన, ఔన్సుకో పౌండుకో ఎంత పడుతుందో చిన్నగా ఉంటుంది. మసాచుసెట్స్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో అది వేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఒక చీటీ మీద ఔన్సు లెక్క, పక్కదాని మీద పౌండు లెక్క ఉంటే 16తో గుణించి చూడాలి. ఐదో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి ఇంటిపని ఉండదు.

ఇంతవరకూ పోయేది రుచి, డబ్బు. మందుల దగ్గర పోయేది అంతకన్నా పెద్దది. ఇండియాలో పారాసెటమాల్ అనే జ్వరం మందునే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఇక్కడి పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ సంచిలోని సీసాలో అదే 5 మిల్లీలీటర్లకు 120 ఉండవచ్చు, 250 కూడా ఉండవచ్చు. "ఒక చెంచా పోయండి" అన్నమాట ఏ సీసాకు చెప్పారో తెలియాలి. 2011 దాకా ఇక్కడే పసిపిల్లల చుక్కలమందు సిరప్ కన్నా ఎంతో గాఢంగా వచ్చేది. పొరపాట్లు జరుగుతున్నాయని కంపెనీలు దాన్ని కూడా 160కి మార్చాయి. ఐబుప్రొఫెన్‌లో మాత్రం ఆ తేడా ఇంకా ఉంది: పసిపిల్లల చుక్కలమందు, పెద్దపిల్లల సిరప్ కన్నా రెండింతలు గాఢం.

ఇక చెంచాలు. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15. లేబులు మీద రెంటి పొట్టి రూపాలకూ ఒక్క అక్షరమే తేడా, మోతాదుకు మూడు రెట్లు తేడా. వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక కొలతలో ఉండవు. అందుకే పిల్లల ద్రవ మందులను మిల్లీలీటర్లలోనే రాయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో సూచించింది. మందుతో వచ్చిన సిరంజి గానీ గీతల కప్పు గానీ వాడాలి, ఒక సీసా సిరంజిని ఇంకో సీసాకు వాడకూడదు. బిడ్డ బరువు చెప్పేటప్పుడు పౌండ్లో కిలోలో కూడా చెప్పండి. 22 పౌండ్ల పాప 10 కిలోలే. ఎవరైనా దాన్ని 22 కిలోలుగా రాసుకుంటే మోతాదు రెండింతలు దాటుతుంది. జలుబు మందుల్లోనూ ఎసిటమినోఫెన్ కలిసి ఉంటుంది కాబట్టి రెండు సీసాల లేబుళ్ళూ చదవాలి. ఎక్కువైతే దెబ్బ తినేది కాలేయం, పైకి వెంటనే ఏమీ కనపడదు.

మందు ఎక్కువ పడిందని అనుమానం వస్తే, పిల్ల హుషారుగానే ఉన్నా సరే, 1-800-222-1222కు ఫోన్ చేయండి. అది అమెరికా అంతటికీ ఒకటే విషనివారణ సహాయ కేంద్రం నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు తీసుకోరు, వేరే భాషలో మాట్లాడాలంటే దుభాషిని అడగవచ్చు. పిల్ల స్పృహలో లేకపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా నేరుగా 911. ఫోన్ చేసేటప్పుడు సీసా చేతిలో పట్టుకోండి. వాళ్ళు అడిగేది దాని మీద రాసి ఉన్న అంకెలే.