ఉప్పల్ క్యాలెండరు, అండమాన్ పొద్దు: ముస్లిం యాత్రికుల అపోహలు – వాస్తవాలు

ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా మౌలాలి గుట్ట వరకు పరుచుకున్న తూర్పు హైదరాబాదులో మసీదు వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ రాదు. అజాన్ చెవిన పడుతూనే ఉంటుంది, జబీహా (హలాల్ పద్ధతిలో కోసిన) మాంసం వీధి చివర దొరుకుతుంది, నమాజు వేళలు గోడమీది క్యాలెండరులో ఉంటాయి. ఈ వసతులకు అలవాటుపడిన కుటుంబాలు సెలవుల్లో సముద్రతీర విహారానికి, ముఖ్యంగా శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉన్న అండమాన్ దీవులకు బయలుదేరినప్పుడు, రెండు రకాల పొరపాటు అంచనాలు వెంట వెళ్తుంటాయి. అక్కడ ఏమీ దొరకదన్న భయం మొదటిది కాగా, అక్కడా అంతా ఇక్కడిలాగే ఉంటుందన్న ధీమా రెండోది. నిజానికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ రెండోదే. ఐదు పూటల నమాజుకు వీలు, హలాల్ భోజనం, వుజూకు (నమాజుకు ముందు చేసే శుద్ధికి) నీరు, స్త్రీలకు మర్యాదకరమైన ఏకాంతం కలిగిన ప్రయాణాన్ని పర్యాటక రంగం ‘ముస్లిం అనుకూల యాత్ర’ అని వ్యవహరిస్తోంది. అండమాన్ విషయంలో ఇలాంటి ప్రయాణానికి సంబంధించి ప్రచారంలో ఉన్న మాటలను పరిశీలించడం అవసరం.

అపోహ: దేశమంతటా ఒకే గడియారం కాబట్టి హైదరాబాద్ నమాజు వేళలే అక్కడా చెల్లుతాయి.

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకుని లెక్కించిన గడియారపు ఏర్పాటు మాత్రమే. నమాజు వేళలను నిర్ణయించేది గడియారం కాదు, సూర్యుడు. ఉప్పల్ సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండగా, దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ 92.7 డిగ్రీల వద్ద ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక, ఈ పద్నాలుగు డిగ్రీల తేడాకు మధ్యాహ్నం అక్కడ దాదాపు 57 నిమిషాలు ముందుగా వస్తుంది. నాచారంలో పొద్దు నడినెత్తికి వచ్చేది పన్నెండుంబావు ప్రాంతంలో అయితే, పోర్ట్ బ్లెయిర్‌లో పదకొండుంబావు దాటగానే పొద్దు వాలి జొహర్ (మధ్యాహ్న నమాజు) వేళ ప్రవేశిస్తుంది.

ఇంతవరకు తెలిసినవారు కూడా తరచూ మరో పొరపాటు చేస్తారు: హైదరాబాద్ వేళల్లోంచి గంట తీసేస్తే సరిపోతుందనుకుంటారు. పోర్ట్ బ్లెయిర్ హైదరాబాదుకన్నా భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల పగటి నిడివిలో హెచ్చుతగ్గులు అక్కడ తక్కువ. అందువల్ల ఈ తేడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. డిసెంబరులో సూర్యోదయం డెబ్బై నిమిషాల వరకు ముందుగా జరిగితే సూర్యాస్తమయం ముప్పావుగంట మాత్రమే ముందుంటుంది, జూన్‌లో ఇది తారుమారవుతుంది. డిసెంబరు మూడో వారంలో అక్కడ మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) వేళ సాయంత్రం ఐదు గంటలకే వచ్చేస్తుంది. ఉప్పల్‌లో ఆ సమయానికి, అంతకు ముందుదైన అసర్ నమాజుకు ఇంకా తీరిక ఉంటుంది.

దీని ప్రభావం బారాటాంగ్ దీవి ప్రయాణంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జరావా తెగ నివసించే అడవి గుండా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డులో వాహనాలు విడివిడిగా వెళ్ళకూడదు; జిర్కటాంగ్ చెక్‌పోస్టు వద్ద వరుసకట్టి, పోలీసు రక్షణలో, కాన్వాయ్‌గా మాత్రమే వెళ్ళాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. మొదటి కాన్వాయ్ ఉదయం ఆరింటి ప్రాంతంలో కదులుతుంది కాబట్టి యాత్రికులు పోర్ట్ బ్లెయిర్‌లో నాలుగింటికే బయలుదేరతారు. డిసెంబరులో అక్కడ సూర్యోదయం ఐదున్నరకు అవుతుంది, ఫజర్ (వేకువ నమాజు) వేళ నాలుగుంబావు ప్రాంతంలోనే మొదలవుతుంది. హైదరాబాద్ క్యాలెండరు మాత్రం అదే రోజున ఫజర్ ఆరంభాన్ని సుమారు ఐదు గంటల ఇరవై నిమిషాలుగా చూపుతుంది. ఆ క్యాలెండరును నమ్మి ఇంకా వేళ కాలేదనుకునేవారికి సూర్యోదయానికి ముందు మిగిలే వ్యవధి పది నిమిషాలే. చెక్‌పోస్టు వద్ద నిరీక్షిస్తున్నప్పుడే నమాజు ముగించుకోవడం సులభం.

రంజాన్‌లో ఇదే సూత్రం ఉపవాసానికీ వర్తిస్తుంది. నాచారంలో సహరీ (తెల్లవారకముందు భోజనం) చేసి మధ్యాహ్నపు విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరినవారు అక్కడి సూర్యాస్తమయానికే ఇఫ్తార్ చేయాలి, అంటే వారి ఉపవాసం మార్చిలోనైతే దాదాపు గంట తగ్గుతుంది. తిరుగు ప్రయాణపు రోజున ఆ గంటను తిరిగి చెల్లించుకోవలసి వస్తుంది. ఫోనులోని నమాజు యాప్‌లో ఊరి పేరును ‘హైదరాబాద్’గా స్థిరపరచి ఉంచడం వల్లనే ఈ పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

అపోహ: ఖిబ్లా అంటే పడమరే కదా, కొలవవలసిన పని లేదు.

హైదరాబాద్ నుంచి మక్కా దిశ నేరుగా పడమర కాదు, దానికి సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆ కోణం దాదాపు 18 డిగ్రీలు. తేడా చిన్నదే, నమాజును చెడగొట్టేంతది కాదు. అయితే సముద్రతీరాన సూర్యుడు అస్తమించే చోటును గుర్తుపెట్టుకుని ఖిబ్లా నిర్ణయించుకునేవారు, డిసెంబరులో సూర్యుడు పడమరకు ఇరవై డిగ్రీలకు పైగా దక్షిణంగా అస్తమిస్తాడన్న సంగతిని మరువకూడదు. ఆ లెక్కన దిశ నలభై డిగ్రీల వరకు తప్పిపోతుంది.

అపోహ: దీవుల్లో హలాల్ దొరకదు, లేదా, చేపలూ రొయ్యలే కాబట్టి అంతా హలాలే.

పరస్పర విరుద్ధమైన ఈ రెండు మాటలూ ఒకే కుటుంబంలో వినిపించడం అరుదు కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో, ముఖ్యంగా అబర్డీన్ బజారు చుట్టుపక్కల, మసీదులతోపాటు ముస్లింలు నడిపే మాంసం దుకాణాలు, భోజనశాలలు ఉన్నాయి కనుక మొదటి మాట నిలవదు. హేవ్‌లాక్, నీల్ దీవుల పరిస్థితి వేరు: అక్కడ స్థిరపడినవారిలో అత్యధికులు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల కుటుంబాలవారు; పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నంత సౌకర్యాన్ని అక్కడ ఆశించలేము.

రెండో మాటలోని చిక్కు లోతైనది. చేపకు జబీహా, అంటే అల్లాహ్ పేరుతో మెడ కోసే విధి, అవసరం లేదన్నది నిజమే. అయితే సముద్రంలో దొరికే ప్రతిదీ చేప కాదు. హైదరాబాద్ సున్నీలలో అధికులు అనుసరించే హనఫీ మజహబ్, అంటే ఇమామ్ అబూ హనీఫా పేరిట ఏర్పడిన ధర్మశాస్త్ర సంప్రదాయం, జలచరాలలో చేపను మాత్రమే భోజ్యంగా అంగీకరిస్తుంది. ఆ లెక్కన పీత, స్క్విడ్, లాబ్‌స్టర్ కూడనివి. రొయ్యను చేపగా లెక్కించాలా వద్దా అన్నదానిపై హనఫీ పండితుల్లోనే భేదాభిప్రాయం ఉంది: 2018లో హైదరాబాదులోని జామియా నిజామియా రొయ్యలు నిషేధానికి సమీపమైనవని ఫత్వా ఇవ్వడం పెద్ద చర్చకు దారితీసింది, ఇతర హనఫీ పండితులు చాలామంది వాటిని అనుమతిస్తూనే ఉన్నారు. మరోవైపు అండమాన్ ముస్లింలలో పెద్ద భాగమైన మాప్పిళ్ళలు, అంటే మలబార్ మూలాల ముస్లింలు, షాఫయీ మజహబ్‌కు చెందినవారు, హైదరాబాదులోని బార్కస్ ప్రాంతపు అరబ్బుల సంప్రదాయం కూడా అదే. ఆ మజహబ్ సముద్ర జీవుల విషయంలో చాలా ఉదారమైనది. షియాలు పొలుసున్న చేపలనూ రొయ్యలనూ తింటారు, పీతను తినరు. కాబట్టి మాప్పిళ్ళ హోటలులో పీతల కూర వడ్డించారంటే అది వారి దృష్టిలో నిస్సందేహంగా హలాల్. ఉప్పల్ నుంచి వెళ్ళిన హనఫీ కుటుంబానికి కాదు. ‘ఇది హలాలేనా’ అని అడిగితే ‘అవును’ అన్న నిజాయితీ గల జవాబే వస్తుంది, చిక్కు మాత్రం తీరదు. వంజరం, చందువ వంటి చేపలు అడిగి తెప్పించుకుంటే ఈ మీమాంసకే తావుండదు. రిసార్టు వంటశాలలో పంది మాంసం వేయించిన పెనం, నూనె వేరుగా ఉన్నాయా అన్నది మాత్రం చేపకైనా అడగవలసిన ప్రశ్నే. ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తే తప్ప హలాల్ గుర్తు కాదు.

ముస్లిం దేశపు దీవులకు వెళ్తే ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. రాజ్యాంగరీత్యా ఇస్లాం రాజ్యమతమైన మాల్దీవులలో జనావాస దీవుల్లో మద్యం నిషిద్ధం కాగా, విదేశీ యాత్రికుల కోసం కేటాయించిన రిసార్టు దీవుల్లో మద్యమూ పంది మాంసమూ వడ్డించడానికి అనుమతి ఉంది. మలేషియాలోని లంకావి 1987 నుంచి సుంకం లేని దీవి కావడంతో అక్కడ మద్యం దేశంలోని మిగతా చోట్లకన్నా చవక.

అపోహ: అండమాన్‌లో ముస్లింలూ తెలుగువారూ ఉండరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో ముస్లింలు దాదాపు 8.5 శాతం, తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు ఈ తెలుగువారిలో ఎక్కువ. 1921 నాటి మలబార్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ప్రవాసం పంపిన మాప్పిళ్ళలు దక్షిణ అండమాన్‌లో స్థిరపడి, తమ ఊళ్ళ పేర్లనే కొత్త ఊళ్ళకు పెట్టుకున్నారు. అందుకే అక్కడ కాలికట్, మన్నార్‌ఘాట్ అనే గ్రామాలు కనిపిస్తాయి. బాంబూఫ్లాట్, వింబర్లీగంజ్ ప్రాంతాల్లోనూ వారి నివాసాలు, మసీదులు ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో ఇక్కడికి పంపిన వివిధ ప్రాంతాల ఖైదీల సంతానం కలిసిపోయిన చోట హిందుస్తానీయే ఉమ్మడి భాష కావడంతో హైదరాబాదీ ఉర్దూ తెలిసినవారికి మాటకు కొదవ ఉండదు.

అపోహ: హైదరాబాద్ మౌల్వీ అలాఉద్దీన్‌ను సెల్యులార్ జైలులో బంధించారు.

దీవులకు వెళ్ళే హైదరాబాదీలు భక్తితో చెప్పుకునే మాట ఇది. గౌరవం సముచితమే, స్థలం మాత్రం తప్పు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలాఉద్దీన్‌కు 1859లో ద్వీపాంతరవాస శిక్ష పడింది, ఆయన 1880ల దశకంలో అక్కడే కన్నుమూశారు. సెల్యులార్ జైలు నిర్మాణం మొదలైనది 1896లో, ముగిసినది 1906లో. అంతకుముందు, 1858 నుంచి, ఖైదీలను గొలుసులతో అడవులు నరికే పనుల్లో పెట్టి, దీవుల్లోని బ్యారక్‌లలో ఉంచేవారు. పోర్ట్ బ్లెయిర్‌లో సమాధి ఉన్న మౌలానా ఫజ్లే హఖ్ ఖైరాబాదీ 1861లోనే మరణించారు. 1872లో వైస్రాయ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీని ఉరితీసింది వైపర్ దీవిలో. ఈ ముగ్గురిలో ఎవరూ సెల్యులార్ జైలు గోడలను చూడలేదు.

అపోహ: ప్రయాణంలో నమాజులన్నీ కలిపేయవచ్చు, జుమా తప్పితే పాపం, సముద్రపు నీటితో వుజూ కాదు.

నాలుగు రకాత్‌ల ఫర్జ్ నమాజును రెండుగా కుదించడాన్ని ఖస్ర్ అంటారు. హనఫీ పండితులు సాధారణంగా 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో, ఒకే చోట 15 రోజులకన్నా తక్కువ ఉండే ఉద్దేశంతో ఉన్నప్పుడు దీన్ని విధిస్తారు. అండమాన్ యాత్ర ఇందులో నిస్సందేహంగా పడుతుంది. జొహర్‌నూ అసర్‌నూ ఒకే వేళలో చేర్చి చదవడం మాత్రం షాఫయీలకు అనుమతే గాని, హజ్ సందర్భంలో తప్ప హనఫీలకు కాదు. ప్రయాణికులపై జుమా, అంటే శుక్రవారపు సామూహిక నమాజు, తప్పనిసరి కాదు, జొహర్ చదివితే చాలు. సముద్రపు నీరు పరిశుద్ధమైనదనీ వుజూకు పనికివస్తుందనీ అన్ని మజహబ్‌లూ అంగీకరిస్తాయి.

అపోహ: దీవులకు పర్మిట్ కావాలి, అక్కడికి చేరాక క్యాబు బుక్ చేసుకుంటే అంతా సాగిపోతుంది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌కు గాని, 2018లో స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్‌లుగా పేర్లు మార్చిన హేవ్‌లాక్, నీల్‌లకు గాని భారతీయులకు పాస్‌పోర్టు, పర్మిట్ ఏవీ అవసరం లేదు. ఆధార్ వంటి గుర్తింపు పత్రం చాలు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద ఉన్న ప్రాంతాలు, నికోబార్ దీవులు వేరే సంగతి. అక్కడికి అనుమతి లేనిదే వెళ్ళరాదు, జరావాలను ఫొటో తీయడం నేరం.

ఉప్పల్ ముంగిట 2017 నుంచి మెట్రో ఉన్నా అది విమానాశ్రయం దాకా వెళ్ళదు. రింగురోడ్డు, ఎల్బీనగర్ మీదుగా నడిచే ఆర్టీసీ పుష్పక్ బస్సు గాని, ఔటర్ రింగు రోడ్డు మీద క్యాబు గాని శరణ్యం. దీవులకు చేరాక రైలు లేదు, హైదరాబాదులో అలవాటైన యాప్ క్యాబులపై ఆధారపడలేము. మోహన్‌పురా బస్టాండు నుంచి నడిచే ప్రభుత్వ బస్సులు, ఆటోలు, అద్దె స్కూటర్లే దిక్కు. స్కూటరుకు ఉప్పల్ ఆర్టీఏ కార్యాలయం ఇచ్చిన లైసెన్సే చెల్లుతుంది. దీవుల మధ్య ప్రయాణమంతా పడవల మీదే: ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటు పడవలు ఎక్కువగా హడ్డో రేవు నుంచి బయలుదేరతాయి, పొద్దు త్వరగా వాలడంతో చివరి పడవలు కూడా త్వరగానే వెళ్ళిపోతాయి, మే నుంచి సెప్టెంబరు వరకు సముద్రం ఉద్ధృతంగా ఉంటే రద్దవుతాయి. అందువల్ల తిరుగు విమానానికి ముందురోజు రాత్రి హేవ్‌లాక్‌లో కాక పోర్ట్ బ్లెయిర్‌లోనే బస చేయడం మేలు. విమానం వద్దనుకునేవారు రైలులో విశాఖపట్నం చేరి ఓడ ఎక్కవచ్చు. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది, పైగా విశాఖ నుంచి ఓడలు చెన్నై, కోల్‌కతాల నుంచి నడిచినంత తరచుగా నడవవు గనుక, ఓడ తేదీ తెలుసుకున్న తర్వాతే రైలు టికెట్టు తీసుకోవాలి.