వెన్నుపూసల నడుమ

ఆశ్వయుజ, కార్తీక మాసములు వచ్చునప్పటికి కళ్యాణదుర్గము చుట్టుప్రక్కల చేలన్నియు వంగిన నడుములతో నిండియుండును. తొలకరి వానకు విత్తిన వేరుసెనగ అప్పటికి పీకుటకు సిద్ధమగును. ఆ ప్రాంతమువారు వేరుసెనగను బుడ్డలందురు. నేల తడియారి గట్టిపడినచో చెట్టు సులభముగా ఊడిరాదు. కూలివారు వరుసగా నిలిచి, నడుము వంచి, చెట్టు మొదలు పట్టి లాగవలెను. ఉదయము వంచిన నడుము ఎండ నడినెత్తికి వచ్చిన పిమ్మట గాని నిలువదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము జిల్లాలో, ఆ కొద్దిదినముల పనిని విడుచుకొనుట పేదలకు సాధ్యము కాదు. కావున నడుము నొప్పిని అచ్చట నెవ్వరును రోగముగా లెక్కింపరు. కాపడము పెట్టుకొని మరునాడు మరల చేనికి పోవుదురు.

కాని కొందరికి ఆ మరునాడు లేచుటయే కష్టమగును. బరువెత్తుచుండగా నడుములో ఏదో కళుక్కుమనును. పిదప నొప్పి పిరుదునుండి తొడ వెనుకగా దిగి, పిక్కలో పాకి, కాలివ్రేళ్ళ వరకు మంటవలె వ్యాపించును. ఆయుర్వేదమున దీనికి ‘గృధ్రసి’ యని పేరు. చరకసంహితలో వాతవ్యాధులలో నిది చెప్పబడినది. గృధ్రమనగా రాబందు. రోగి యొక కాలు ఈడ్చుచు నడచు నడక రాబందు నడకను బోలియుండుటచే ఆ పేరు వచ్చెనందురు. పేరు పెట్టినవారి చూపు ఎంత నిశితమైనదో! అయితే నొప్పి కాలిలో నుండగా దోషము వెన్నులో నుండుట కెక్కువగా కారణమేమో 1934లో బోస్టను నగరవైద్యులైన మిక్స్టరు, బార్ అను నిరువురు స్పష్టముగా చూపిరి. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళ చిట్లి, ప్రక్కనున్న నరమును నొక్కుటయే దానికి ముఖ్యకారణము.

ఈ బిళ్ళనే వైద్యులు డిస్కు అందురు. దాని సంగతి తెలియవలెనన్న వెన్నెముక కట్టడమును కొంత చూడవలెను. శిశువు పుట్టునప్పుడు వెన్నెముకలో 33 పూసలుండును. పెరిగిన కొలది క్రింది పూసలు కొన్ని యొకటిగా కలిసిపోవును. మెడలో 7, వీపులో 12, నడుములో 5, మొత్తము 24 పూసలు మాత్రము విడివిడిగా నిలుచును. మెడలోని మొదటి రెంటి నడుమ తప్ప, తక్కిన పూసల నడుమ నొక్కొక్క బిళ్ళ యుండును. అట్టివి మొత్తము 23. వెన్నెముక పొడవులో నాలుగవ వంతు ఈ బిళ్ళలదే.

బిళ్ళ నడుమ లేత తాటిముంజ వలె మెత్తని గుజ్జుండును. బాల్యమున అందులో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా నీరే. ఆ గుజ్జు చుట్టును 15 మొదలు 25 వరకు గట్టి నారపొరలుండును. ఒక పొరలోని నారలు ఎడమకు వాలినచో దాని మీది పొరలోనివి కుడికి వాలును. నులకమంచము అల్లిక చూచినవారి కీ యేర్పాటు వెంటనే బోధపడగలదు. పైనుండి బరువు పడినప్పుడు గుజ్జు నలుప్రక్కలకు ఒత్తుకొనును. పొరలు దానిని బిగించి పట్టుకొనును. ఇట్లు వెన్నెముక స్తంభమువలె భారము మోయగలుగుచున్నది, తీగవలె వంగగలుగుచున్నది.

పగలంతయు నిలిచి తిరుగునప్పుడు బిళ్ళలలోని నీరు కొంత వెలికి పోవును. రాత్రి పడుకొన్నప్పుడు మరల చేరును. అందుచేతనే మనుష్యుడు సాయంకాలమునకు ఉదయమున కంటె ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టియగును. గోడపై గీత గీసి ఎవరైనను దీనిని పరీక్షించుకొనవచ్చును. పెద్దవారి బిళ్ళలలో రక్తనాళములు లేవనియే చెప్పవచ్చును. పైపూసనుండియు క్రిందిపూసనుండియు ఊరి వచ్చు ద్రవమే వాటికి ఆహారము. ఆ కారణముచే ఒకమారు చిరిగిన పొర త్వరగా మానదు. వయస్సు పెరిగిన కొలది గుజ్జు ఎండి, బిళ్ళ పలుచనగును.

స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్‌సన్ 1960 దశకమున బిళ్ళలోనికి సూది చొప్పించి అందలి ఒత్తిడిని కొలిచెను. పడుకొన్నవానిలో అది స్వల్పము, నిలుచున్నవానిలో అధికము, ముందునకు వంగి కూర్చున్నవానిలో మరింత అధికము, నడుము వంచి బరువెత్తువానిలో అన్నిటికంటె అధికము. బస్తాలు మోయు హమాలీలలో నేర్పరియైనవాడు మోకాళ్ళు వంచి, బస్తాను ఒంటికి దగ్గరగా చేర్చుకొని లేచును. అతడు నాకెమ్‌సన్ పేరు విని యెరుగడు.

బిళ్ళ చిట్లిన వారందరికిని శస్త్రచికిత్స అక్కర లేదు. విశ్రాంతి, మందులు, తగిన వ్యాయామముల చేత అధికసంఖ్యాకులకు కొన్ని వారములలోనే నొప్పి తగ్గును. కాని కాలు పట్టుదప్పినను, మలమూత్రములపై అదుపు పోయినను, కూర్చుండు చోట స్పర్శ తెలియకున్నను ఒక్కదినమైనను జాగు చేయక పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. నాటుకట్లతోను నూనెలతోను కాలయాపన చేసినచో, నలిగిన నరము మరల కోలుకొనకపోవచ్చును.

నెలల తరబడి చికిత్స చేసినను తగ్గనిచో వైద్యులు పాడైన బిళ్ళను తొలగించి, పై పూసను క్రింది పూసను ఎముకముక్కతో అతికించుట యొక పద్ధతి. 1911లో న్యూయార్కు నగరమున హిబ్స్, ఆల్బీ అను వైద్యులు వేరువేరుగా పూసల నతికించు పద్ధతిని ప్రకటించిరి. క్షయవ్యాధిచే వెన్నుపూసలు కృశించి గూనివారగుచుండిన రోగులకై ఆ పద్ధతి పుట్టినది. కదలునదే నొప్పించుచున్నది గనుక కదలికనే మాన్పుట అందలి యుక్తి. ఎందరికో అది మేలు చేసినది, నేటికిని చేయుచున్నది.

అయితే చేనిపని చేసి బ్రతుకు స్త్రీ వైద్యుని ఎదుట కూర్చుండి అడుగునది నొప్పిని గురించి మాత్రమే కాదు.

“అయ్యా, నొప్పి పోతుంది సరే. మళ్ళా వంగి చెట్టు పీకొచ్చునా?”

“వంగవచ్చునమ్మా. ఒక్క కీలు పోయినంతమాత్రాన నడుమంతా బిగిసిపోదు. కానీ పైకీలు, కింది కీలు దాని పని కూడా చేయవలసి ఉంటుంది.”

ఈ సమాధానములోనే చిక్కంతయు నున్నది. ఒక కాడి ఎద్దులలో నొకటి పడిపోయిన రెండవదాని మెడపై భారము పడినట్లు, అతికిన చోటికి పైనను క్రిందను ఉన్న బిళ్ళలపై శ్రమ పెరుగును. కొన్ని సంవత్సరములకు అవియు చెడవచ్చును. అప్పుడు మరియొక శస్త్రచికిత్స!

కదలిక పూర్తిగా పోయిన వెన్ను ఎట్లుండునో తెలుగుదేశమున కొన్ని పల్లెలవారికి వేరొకరు చెప్పనక్కరలేదు. నీటిలో ఫ్లోరైడు మితిమీరి యున్నచోట, ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారి వెన్నుపూసల చుట్టునున్న బంధనములలో సున్నము పేరుకొని, వెన్నెముక ఒకే కర్రవలె బిగిసిపోవును. అట్టివాడు ప్రక్కకు చూడవలెనన్న మెడ త్రిప్పలేక శరీరమంతయు త్రిప్పవలెను. మనదేశమున ఈ వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. అనంతపురము జిల్లాలోని పెక్కు బోరుబావులలోను ఫ్లోరైడు మితిమీరి యున్నది. ఆ వ్యాధికి కృత్రిమమైన బిళ్ళ మందు కాదు. మంచినీరే దానికి నివారణము.

పాడైన మోకాలికిని, తుంటికిని కృత్రిమమైన కీలు అమర్చవచ్చుగదా, వెన్నునకు ఏల అమర్చరాదు? ఈ ప్రశ్న వైద్యులకు ఏనాడో తోచినది. స్వీడను దేశమున ఫెర్న్‌స్ట్రోమ్ అను వైద్యుడు 1960 దశకమున బిళ్ళ తీసిన చోట ఉక్కుగుండును ఉంచి చూచెను. ఎముక మెత్తనిది, గుండు కఠినమైనది. కాలక్రమమున గుండు పూసలలోనికి దిగబడెను. ఆ ప్రయత్న మంతటితో నిలిచిపోయినది.

పిదప ఈ పనికి పూనుకొనిన వారిలో ఒకరి వృత్తాంతము చెప్పదగినది. తూర్పు జర్మనీకి చెందిన కారిన్ యాంజ్ అను యువతి 1972లో మ్యూనికు ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచెను. ఒకటి గుర్రపుబల్లపై దుముకుటకు, రెండవది ఎత్తుపల్లపు కడ్డీలపై చేసిన విన్యాసములకు. వెన్నెముకను విల్లువలె వంచి, గాలిలో తిరిగి, మరల కడ్డీని పట్టుకొనుట ఆమెకు ఆట. పతకములతో తృప్తి చెందక ఆమె వైద్యశాస్త్రము చదివి ఎముకల వైద్యురాలయ్యెను. వివాహానంతరము బ్యుట్నర్-యాంజ్ అను పేర ప్రసిద్ధురాలయ్యెను. తూర్పు బెర్లినులోని షారిటే వైద్యశాలలో ఆమెయు, కుర్ట్ షెల్‌నాక్ అను వైద్యుడును కలిసి 1982లో కృత్రిమమైన బిళ్ళకు రూపకల్పన ఆరంభించిరి. 1984లో దానిని తొలిసారి రోగి శరీరమున అమర్చిరి. మొదటి నమూనా పలకలు చిన్నవగుటచే ఎముకలోనికి దిగబడెను. వెడల్పు చేసిన రెండవ నమూనా లోహము విరిగెను. వారు విడువక 1987 నాటికి మూడవ నమూనాను సిద్ధము చేసిరి. వైద్యశాల పేరే దానికిని వచ్చినది. 2004లో అమెరికా ప్రభుత్వము కూడ దాని కనుమతి నిచ్చెను. ఈలోగా ఫ్రాన్సులో మార్నే అను వైద్యుడు వేరొక బిళ్ళను రూపొందించి 1990లో అమర్చెను. మెడకు తగిన చిన్నబిళ్ళకు 2007లో అమెరికాలో అనుమతి లభించినది.

షారిటే బిళ్ళ కట్టడము చూచుటకు సులభమే. కోబాల్టు, క్రోమియము కలిసిన మిశ్రలోహపు పలకలు రెండు. ఒకటి పై పూసకు, మరియొకటి క్రింది పూసకు. పలకల అంచున చిన్న పండ్లుండి అవి ఎముకను కరచి పట్టును. రెండు పలకల నడుమ అతి దృఢమైన పాలిథీనుతో చేసిన, ఇరుప్రక్కల ఉబ్బియున్న బిళ్ళ జారుచుండును. మనుష్యుడు ముందునకు వంగినప్పుడు నడిమి బిళ్ళ వెనుకకు జరుగును. వెనుకకు వాలినప్పుడు ముందునకు జరుగును. నడుమునకు పొట్టవైపు నుండియు, మెడకు గొంతువైపు నుండియు శస్త్రచికిత్స చేసి కృత్రిమమైన బిళ్ళ నమర్చుదురు. పెద్ద రక్తనాళములను ప్రక్కకు జరిపి పనిచేయవలెను గనుక వైద్యునకు మిక్కిలి నేర్పు కావలెను.

ఇంత చేసినను సహజమైన బిళ్ళతో నిది సాటి రాదు. నీటిగుజ్జువలె దెబ్బను మెత్తగా ఓర్చుకొను గుణము లోహమునకు లేదు. నడిమి పాలిథీను ఏండ్ల తరబడి రాపిడికి అరుగును. ఎముకలు గుల్లబారిన వృద్ధులకును, పూసల వెనుకనున్న చిన్నకీళ్ళు అరిగినవారికిని దీని నమర్చరు. అతికించు పద్ధతికి ఇది తీసిపోదని పరీక్షలలో తేలినది. మెడ విషయమున, ఇరుగుపొరుగు బిళ్ళలకు మరల శస్త్రచికిత్స చేయవలసిన అగత్యము కొంత తగ్గినట్లు కనబడుచున్నది. నడుము విషయమున వైద్యులింకను ఏకాభిప్రాయమునకు రాలేదు.

ఖర్చు సంగతియు కలదు. కళ్యాణదుర్గములో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నెలకొల్పిన ఆసుపత్రి యున్నది. అనంతపురములో ప్రభుత్వ వైద్యశాల యున్నది. కృత్రిమమైన బిళ్ళ అమర్పించుకొనవలెనన్న బెంగుళూరు, హైదరాబాదు, చెన్నపట్టణముల వంటి నగరములకు పోవలెను. కూలినాలి చేసి జీవించువారికి పరికరపు వెలయే అందనిది. వంగి పనిచేయు కదలిక ఎవరికి అన్నమో, కదలికను నిలుపు చికిత్స వారికే దూరముగా నున్నది.

బిళ్ళ అమర్చిన కొన్ని నెలలకు వైద్యులు రోగిని ఒకమారు ముందునకు వంచి, ఒకమారు వెనుకకు వాల్చి రెండు ఎక్స్‌రే చిత్రములు తీయుదురు. నడుములోని ఒక్కొక్క కీలు ఆరోగ్యవంతునిలో సుమారు 12 మొదలు 17 డిగ్రీల వరకు తిరుగును. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి, పై పలకకును క్రింది పలకకును నడుమనున్న కోణమును కొలబద్దతో కొలుతురు. కోణము మారకున్నచో, అమర్చిన బిళ్ళ చుట్టును ఎముక పెరిగి పూసలు అతుకుకొని యుండవచ్చునని తలతురు. కొన్ని డిగ్రీలు మారినచో కీలు కదలుచున్నదని వ్రాసికొందురు.