‘ఇష్టం లేదు’లో ఎన్ని రకాలో!

ఒక్క ఇంగ్లీషు మాట అనాలోచితంగా రాసినందుకు చేతిదాకా వచ్చిన ప్రమోషన్ జారిపోయింది నాకు. నవ్వకండి, నిజం!

2019 నాటి సంగతి. ప్రమోషన్ మీద వేరే ఊరు వెళ్లడానికి సమ్మతమేనా అని ఆఫీసులో రాసిమ్మన్నారు. అప్పుడు మా పాప పదో తరగతి. అత్తగారికి మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. అసలు వెళ్లననుకోలేదు నేను. కొంచెం గడువిస్తే అన్నీ సర్దుకుని వెళ్దామనుకున్నాను. అది చెప్పడానికి మాట తోచక ‘అయామ్ అన్‌విల్లింగ్ టు గో ఎట్ ప్రెజెంట్’ అని రాసి సంతకం చేసిచ్చాను. వారం తిరక్కుండా ఆ పోస్టు నా తర్వాతివారికి వెళ్లిపోయింది. లబోదిబోమంటూ వెళ్లి అడిగితే ‘‘అన్‌విల్లింగ్ అని మీరే రాసిచ్చారు కదమ్మా’’ అని నా కాగితం నాకే చూపించారు. ఇంకేం మాట్లాడను?

ఆ సాయంత్రం పక్కింటి పిన్నిగారి దగ్గర కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు.

‘‘పిచ్చిపిల్లా! అన్‌విల్లింగ్ అంటే ‘వెళ్లను’ అనే. దానికి ఎట్ ప్రెజెంట్ అని తోక తగిలిస్తే ఎవరు చూస్తారు? ఫలానా నెల దాకా గడువు కావాలని రాస్తే పోయేదిగా’’ అన్నారు. ఆనక కాఫీ తాగుతూ ఒక్కో మాటా విప్పి చెప్పారు.

దేని అర్థం దానిదే

రిలక్టెంట్: మనసొప్పదు, అయినా చాలాసార్లు ఆ పని చేస్తాం. దీని లాటిన్ మూలానికి పెనుగులాడటమని అర్థం. పండక్కి పుట్టింటికెళ్లి తిరుగు బస్సెక్కేటప్పుడు మనకుండేది ఇదే.

హెజిటెంట్: తటపటాయింపు. అవుననీ లేదు, కాదనీ లేదు. దీని మూలానికి అర్థం ఎక్కడో అతుక్కుపోవడం, మాట తడబడటం. కొత్తగా స్కూటీ నేర్చుకుంటున్నప్పుడు మెయిన్ రోడ్డు మీదికి వెళ్లాలంటే కలిగే జంకు లాంటిది.

డిస్‌ఇన్‌క్లైన్డ్: మనసు అటు మొగ్గడం లేదని మర్యాదగా చెప్పడం. ‘ఇవాళ సినిమాకి రాలేనులే వదినా’ అన్నంత మెత్తన.

ఎవర్స్: మూలార్థం మొహం తిప్పుకోవడం. మన ‘విముఖత’ కూడా అచ్చంగా అదే! ఒక పూటకో ఒక రోజుకో కాదు, స్థిరపడిపోయిన అయిష్టం. అప్పు చేయడమంటేనే గిట్టనివాళ్లుంటారే, అలా. దీన్ని ‘ఎడ్వర్స్’తో కలపకూడదు. అది ప్రతికూల పరిస్థితులకి వాడే మాట.

లోత్: రిలక్టెంట్ కంటే ఘాటు. అమ్మ పెట్టిన గాజులు తాకట్టు పెట్టాల్సి వస్తే ప్రాణం ఎంత విలవిల్లాడుతుంది! అదీ లోత్. స్పెల్లింగ్ చివర ‘ఇ’ చేరిస్తే ‘లోద్’ అవుతుంది. అంటే అసహ్యించుకోవడం. ఒక్క అక్షరంతో ఎంత తేడానో చూడండి.

రెటిసెంట్: చాలామంది దీన్ని రిలక్టెంట్ అనే అర్థంలో వాడేస్తుంటారు. అసలైతే ఇది మాటకి సంబంధించింది. మనసులో ఉన్నది నోరు విప్పి చెప్పని స్వభావం.

ఈ చివరి మాట దగ్గర పిన్నిగారు ఆగి, ‘‘మన ఆడపిల్లల్ని ముంచేది ఇదేనమ్మా’’ అన్నారు. నాకు చటుక్కున మా చెల్లెలి కూతురు గుర్తొచ్చింది. దానికి ఆ ముందు నెలలోనే పెళ్లిచూపులయ్యాయి. అది మాట్లాడకుండా తల దించుకుని కూర్చుంటే, మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. లోపలికెళ్లాక ‘‘నాకిష్టం లేదమ్మా’’ అంటే, మా చెల్లెలు బయటికొచ్చి ‘‘చిన్నపిల్ల కదా, కొంచెం హెజిటేట్ చేస్తోంది’’ అని సర్దిచెప్పింది. అది అన్నదేమో ‘ససేమిరా’ అని. మేం విన్నది ‘బతిమాలితే ఒప్పుకుంటుంది’ అని.

అక్కడ తట్టింది నాకు. గడువు అడగాల్సినచోట నేను ‘చేయను’ అని రాశాను. అది ‘చేసుకోను’ అంటుంటే మేమంతా కలిసి దాన్ని తటపటాయింపు చేశాం. ఆ రాత్రే చెల్లెలికి ఫోన్ చేసి, ‘‘దానిది హెజిటేషన్ కాదే, అన్‌విల్లింగ్. ఆ సంబంధం వదిలెయ్యండి’’ అన్నాను. కాసేపు అలిగినా, చివరికి వదులుకున్నారు.

రెండేళ్ల తర్వాత నాకు మళ్లీ అలాంటి కాగితమే వచ్చింది. ఈసారి ‘విల్లింగ్’ అని రాసి, చేరడానికి రెండు నెలల గడువు కోరాను. ఇచ్చారు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్లూ, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. నాది జంకా, బాధా, అసలే వద్దా అని మిమ్మల్ని మీరు అడగండి. మాట ఆ తర్వాత వెతుక్కోవచ్చు. ఇంట్లో ఆడపిల్ల ‘వద్దు’ అన్నప్పుడు మాత్రం, దానికి ఇంకో అర్థం వెతక్కండి.