పంది కిడ్నీ... పది మార్పులు!

కిడ్నీలు పూర్తిగా పాడైతే మిగిలేవి రెండే దారులు. ఒకటి డయాలసిస్, రెండోది మార్పిడి. నస్పూర్ లాంటి సింగరేణి ఊళ్లలోనైనా, శ్రీకాకుళం ఉద్దానంలోనైనా అంతే. ఇంట్లోవాళ్ల కిడ్నీ సరిపడకపోతే ‘జీవన్‌దాన్’లో పేరు రాయించుకుని ఎదురుచూడాల్సిందే. ఆ ఎదురుచూపులు తగ్గించేందుకు శాస్త్రవేత్తలు వేస్తున్న మూడోదారి... పంది!

పందే ఎందుకంటే- దాని అవయవాలు ఇంచుమించు మనిషి అవయవాలంతే ఉంటాయి. ఒక్క ఈతలోనే బోలెడు పిల్లలు, పైగా త్వరగా ఎదుగుతాయి. పంది గుండె కవాటాలను మనుషులకు అమర్చడం దశాబ్దాలుగా ఉన్నదే. అయితే, సజీవ అవయవం సంగతి వేరు. పంది కణాల మీదుండే కొన్నిరకాల చక్కెరలను చూడగానే మన రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుని దాడి చేస్తుంది. నిమిషాల్లోనే అవయవం పాడైపోవచ్చు. 1997లో గువాహటిలో డాక్టర్ ధనీరామ్ బారువా ఓ రోగికి పంది గుండె పెట్టారు. రోగి వారమే బతికాడు. డాక్టర్ జైలుకెళ్లారు.

అందుకే ముందు పందినే మార్చాలనుకున్నారు. దాని కణంలోని జన్యువులను సవరిస్తారు. కేంద్రకం తీసేసిన అండంలోకి ఆ కణాన్ని చేర్చి, తయారైన పిండాన్ని ఆడపంది గర్భంలో పెడతారు. దాదాపు 114 రోజులకు పిల్లలు పుడతాయి. ఇదే క్లోనింగ్. ఈ పద్ధతిలో తొలి అయిదు పందిపిల్లలు 2000 మార్చిలో అమెరికాలోని బ్లాక్స్‌బర్గ్‌లో పుట్టాయి. ఆ తర్వాత వచ్చిందే ‘పది జన్యువుల పంది’. చక్కెరలను తయారుచేసే మూడు జన్యువులనూ, అవయవం అతిగా పెరగకుండా మరొకదాన్నీ పనిచేయకుండా ఆపేశారు. రక్తం గడ్డకట్టకుండా, శరీరం తిప్పికొట్టకుండా ఆరు మానవ జన్యువులు చేర్చారు.

ఫలితం? 2022 జనవరిలో బాల్టిమోర్‌లో అలాంటి గుండె పెట్టించుకున్న రోగి రెండు నెలలు బతికాడు. ఆ గుండెలో పంది వైరస్ బయటపడింది. 2025 జనవరిలో బోస్టన్‌లో అమర్చిన మరోరకం పంది కిడ్నీ 271 రోజులు పనిచేసింది. తర్వాత తీసేయాల్సివచ్చింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం క్లినికల్ పరీక్షలకు అనుమతినిచ్చింది.

వారం రోజుల నుంచి నెలలకు చేరడం చిన్న విషయమేమీ కాదు. అయినా ఇది ఇంకా పరీక్షల దశే. కాబట్టి ‘పంది కిడ్నీ పెట్టిస్తాం, డబ్బు కట్టండి’ అని ఎవరైనా వస్తే నమ్మొద్దు. బ్రెయిన్‌డెడ్ అయిన ఒక్కరి కిడ్నీలు ఇద్దరిని డయాలసిస్ నుంచి తప్పించగలవు. ఆ నిర్ణయం కుటుంబసభ్యుల చేతుల్లోనే ఉంటుంది. ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడు ఆ మాట ముందే అనుకుంటే మంచిది. పంది సాయానికి వచ్చేదాకా... మనిషికి మనిషే దాత!