పసరములలోని జలగపురుగులు: వాని తెగలు

గొఱ్ఱె చిక్కిపోవుచుండగా సంతలో దొరకిన పురుగుల మందును త్రాగించి, గుణము కానరాక పశువును పోగొట్టుకొనిన రైతులను మే మనేకులను చూచియున్నాము. ఆ మందు ఏలికపాములకు తగినది. గొఱ్ఱెను చంపినది జలగపురుగు. కావున పురుగు తెగ నెఱుగుట రైతు సొమ్మునకు కాపు.

ఇవి చెఱువులోని జలగలు కావు; పశువు లోపలనే బ్రదుకు వేఱుజాతి పురుగులు. నెమరువేయు పశువులందు వీనిని నివాసమునుబట్టి మూడు తెగలుగా గుర్తింపవచ్చును.

మొదటిది కార్జపు జలగ. ఆకువలె పలుచనై, పైత్యనాళములలో నుండును. మన మైదానములలోనిది పెద్దజాతి. ఒకటి మొదలు మూడంగుళముల వఱకు పెరుగును. పశువునకు రక్తము క్షీణించి, కనుఱెప్పల లోపల తెల్లబాఱి, దవడక్రింద నీరు దిగును. గొఱ్ఱెలు హఠాత్తుగా చచ్చుటయు గలదు.

రెండవది పొట్టజలగ. దానిమ్మగింజవలె ఎఱ్ఱగా బలిసి, పెద్దపొట్ట లోపలిగోడను గుంపులుగా పట్టుకొనియుండును. పెరిగిన పురుగులవలన కీడు స్వల్పము. చిన్నప్రేవులలోని పిల్లపురుగులే దుర్వాసనగల పాఱుడు కలిగించి దూడలను, గొఱ్ఱెలను చంపును.

మూడవది నెత్తురుజలగ. దారమువలె సన్నము, ఇందు మాత్రమే ఆడు మగలు వేఱు. ముక్కు నరములలో చేరు జాతివలన ఎద్దులు గురక పెట్టును. దీనిని 1933లో మద్రాసునందు ఎం. అనంతనారాయణరావుగారు వర్ణించిరి.

మూటికిని నత్తయే ఆశ్రయము. పేడతో పడిన గ్రుడ్లు నీటిలో పొదిగి, పిల్లలు నత్తలో పెరిగి వెలువడును. ముక్కుజాతి గ్రుడ్లు మాత్రము చీమిడితో పడును. మొదటి రెండు తెగలును గడ్డిపోచల నంటుకొని మేతతో లోపలికి పోవును. మూడవది నీట నిలిచిన పశువు చర్మమును తొలుచుకొని పోవును.

మందులును తెగనుబట్టియే. ట్రైక్లాబెండజోల్ కార్జపు జలగలను పిల్లదశనుండియే చంపును గాని పొట్టజలగలపై పనిచేయదు. ఆక్సిక్లోజనైడ్ పొట్టజలగలమీదను, కార్జములోని పెరిగిన పురుగులమీదను పనిచేయును. నెత్తురుజలగకు వీనిని నమ్మక పశువైద్యుని ఆశ్రయింపవలెను. పేడను, గురకపెట్టు పశువైనచో చీమిడిని, ముందు పరీక్ష చేయింపుడు. చచ్చిన గొఱ్ఱెను కోసినపుడు కార్జమును, పొట్టను, ప్రేవులను తప్పక చూడుడు.

ఒక్కరు మందు త్రాగించి, పొరుగువారు మానినచో, పశువులన్నియు ఆ చెఱువుగట్టుననే మేయును గదా! సభ్యులందఱు నొక్కసారి మందు త్రాగించి, నత్తలున్న మడుగునకు కంచె కట్టి, తొట్టెలలో నీరు పెట్టింతురేని పశునష్టము తగ్గునని మా మనవి.